చెయ్యడం, చెయ్యడానికి

గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేసే వెల్డర్ కుర్రాడు కొన్నాళ్లు నా ఇంగ్లిష్ క్లాసుల సాయంత్రం బ్యాచ్‌కి వచ్చాడు. పైపుని 45 డిగ్రీల వాలులో బిగించి, దాన్ని తిప్పకుండా మనిషే చుట్టూ తిరుగుతూ జాయింట్ కొట్టాల్సిన 6జి టెస్టు పాసైనవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. గల్ఫ్ ఉద్యోగానికి ఫోన్‌లో ఇంటర్వ్యూ చేశారు. మధ్యలో ఆరు నెలలు ఖాళీ ఎందుకుందని అడిగారు. తండ్రికి జబ్బు చేస్తే పని మానేసి ఇంటి దగ్గర ఉన్నాడతను. ఆ మాటే చెప్పాననుకుని, ‘ఐ స్టాప్డ్ టు వర్క్’ అన్నాడు. అవతలి మనిషికి అది ‘పని చెయ్యడానికి ఆగాను’ అని వినబడింది. ‘ఎక్కడ? ఏ కంపెనీలో?’ అని తిరిగి అడిగాడు. పని మానేశానంటుంటే ఏ కంపెనీ అంటాడేమిటని మనవాడు కంగారుపడ్డాడు. ఇక అక్కణ్ణుంచి మాట తడబడి, ఏదో దాస్తున్నవాడిలా అయిపోయాడు.

‘‘ఏటి సార్ ఇది, ‘టు’ అన్న చిన్న ముక్కకే ఇంత తేడానా?’’ అన్నాడు ఆ సాయంత్రం. నిజంగా బాధపడ్డాడు. ‘ఐ స్టాప్డ్ వర్కింగ్’ అని ఉంటే సరిపోయేది.

ఈ అధ్యాయం ఆ చిన్న ముక్క గురించే. ఇంగ్లిష్‌లో ఒక క్రియ పక్కన ఇంకో క్రియ రావాల్సి వస్తే రెండోదాన్ని రెండు రకాలుగా కట్టొచ్చు. చివర ‘ఇంగ్’ తగిలిస్తే జెరండ్. ముందు ‘టు’ పెడితే ఇన్ఫినిటివ్. ఏ క్రియ తరవాత ఏది రావాలో చెప్పే పట్టికలు గ్రామర్ పుస్తకాల్లో పేజీలకు పేజీలున్నాయి. నేనూ చదువుకునే రోజుల్లో ఆ పట్టికలు బట్టీపట్టినవాణ్ణే. పరీక్షలో మార్కులొచ్చాయి. నోరు తెరిచి మాట్లాడే వేళకి అవి ఒక్కటీ గుర్తుకు రాలేదు. మాట్లాడేటప్పుడు మనిషి పట్టిక తిరగేయడు, చెవిలో ఉన్నదాన్ని పలుకుతాడు. మన చెవిలో ఉన్నది తెలుగు. కాబట్టి తెలుగు దగ్గరే మొదలుపెడదాం. మీరు అనుకుంటున్నదానికన్నా చాలా ఎక్కువ సామాను అక్కడ సిద్ధంగా ఉంది.

కొత్త గాజువాక జంక్షన్ దగ్గర ఒక్క నిమిషం నిలబడి బోర్డులు చదవండి. వెల్డింగ్ వర్క్స్, మోటార్ రీవైండింగ్, డ్రైవింగ్ స్కూల్, వీల్ బ్యాలెన్సింగ్, ఫ్లెక్స్ ప్రింటింగ్, కోచింగ్ సెంటర్, నో పార్కింగ్. అన్నీ ‘ఇంగ్’లే. 1941లో పునాది పడిన షిప్‌యార్డ్, 1966లో వచ్చిన బీహెచ్‌పీవీ, అదే ఏడాది ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రోడ్లెక్కి పోరాడితే 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన స్టీల్‌ప్లాంట్. వీటి చుట్టూ పెరిగిన ఊరు మనది. ఆ ఫ్యాక్టరీల పనులు ఇంగ్లిష్ పేర్లతోనే మన ఇళ్లలోకి వచ్చాయి. స్కూలు మొహం చూడని మేస్త్రీ కూడా ‘ఫిట్టింగ్ అయిపోయింది, గ్రైండింగ్ ఉంది’ అంటాడు. ఆయన ‘ఇంగ్’ని ఎలా వాడుతున్నాడో చూడండి. ఒక వస్తువుని పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తున్నాడు. ‘వెల్డింగ్’ అనేది ఆయనకి ఒక పని పేరు. ‘భోజనం అయిపోయింది’ అన్నట్టే ‘వెల్డింగ్ అయిపోయింది’. జెరండ్ అంటే సరిగ్గా అదే. క్రియ నామవాచకంగా మారి కూర్చోవడం. తెలుగులో ఆ పని ‘డం’ చేస్తుంది: చదవడం, ఈదడం, వండడం. ‘వంట ఇష్టం’ అనగలిగినచోట ‘వండడం ఇష్టం’ అనీ అనగలం. ‘ఐ ఎంజాయ్ మ్యూజిక్’ అన్నచోటే ‘ఐ ఎంజాయ్ సింగింగ్’ వస్తుంది.

ఇప్పుడు ‘టు’ సంగతి. బస్సు మీద ‘టు గాజువాక’ అని ఉంటే తెలుగులో ఏమంటాం? గాజువాకకి. ‘టు’ అంటే ‘కి’. మరి ‘టు రీడ్’ని ఏమంటాం? చదవడానికి. ఇక్కడా చివర ‘కి’ ఉంది, గమనించారా? చదవడం అనే మాటకి ‘కి’ చేర్చితే చదవడానికి అయింది. ఊరివైపు వెళ్లడానికి వాడే ముక్కనే తెలుగువాడు పనివైపు వెళ్లడానికీ వాడుతున్నాడు. ఇంగ్లిష్‌వాడూ అదే చేశాడు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ‘డ్రింకన్’ అంటే తాగడం. దానికి ముందు ‘వైపు’ అనే అర్థమిచ్చే ‘టు’ చేరితే చివర కూడా కాస్త మారి ‘టు డ్రింకన్నె’ అయ్యేది, మన ‘తాగడం’ కాస్తా ‘తాగడానికి’ అయినట్టు. తరవాత తరవాత ఆ చివరలు అరిగిపోయి ‘టు డ్రింక్’ మిగిలింది. ఎక్కడి తేమ్స్ ఒడ్డు, ఎక్కడి మన యారాడ కొండ! ఒకదాని మొహం ఒకటి చూడని రెండు భాషలు ఒకే తోవ తొక్కాయి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఇంగ్లిష్ మీద ఉన్న బెరుకు సగం పోయింది.

అందుకని ‘టు’ వినబడినప్పుడల్లా ఒక బాణం గుర్తు అనుకోండి. మనిషి ఇక్కడున్నాడు, పని అక్కడుంది, ఇంకా చేరలేదు. ‘ఐ వాంట్ టు గో’ అన్నవాడు ఇంకా బయల్దేరలేదు. ప్లాన్, హోప్, డిసైడ్, ప్రామిస్, ఎక్స్‌పెక్ట్ — వీటన్నిటి చూపూ ముందుకే. ‘ఇంగ్’లో ఆ బాణం లేదు. పని అక్కడే ఉంది, జరిగిందో జరుగుతోందో, చేతికి తగులుతుంది. ‘ఐ ఫినిష్డ్ గ్రైండింగ్.’ జరగని గ్రైండింగ్‌ని ఎవడు ఫినిష్ చేస్తాడు?

తెలుగులో ఒక క్రియ ఉంది, ఒప్పుకోవడం. దీన్ని పట్టుకుంటే ఈ తేడా జన్మలో మర్చిపోరు. ‘డబ్బు ఇస్తానని ఒప్పుకున్నాడు’, ‘డబ్బు తీసుకున్నానని ఒప్పుకున్నాడు’. మనకి రెండుచోట్లా ఒకటే ఒప్పుకోవడం. ఇంగ్లిష్‌లో మొదటిది అగ్రీ, రెండోది అడ్మిట్. ఇస్తానన్నది రేపటి పని, అందుకని ‘హీ అగ్రీడ్ టు పే’. తీసుకున్నానన్నది జరిగిపోయిన పని, అందుకని ‘హీ అడ్మిటెడ్ టేకింగ్ ద మనీ’. ‘స్తాను’ అయితే టు, ‘శాను’, ‘న్నాను’ అయితే ఇంగ్. కాదనడంలోనూ ఇంతే. ‘చెయ్యనన్నాడు’ అంటే ‘రిఫ్యూజ్డ్ టు డూ’. ‘చెయ్యలేదన్నాడు’ అంటే ‘డినైడ్ డూయింగ్’. చెయ్యను, చెయ్యలేదు — ఈ రెండింటికీ తేడా మూడేళ్ల పిల్లకి కూడా తెలుసు. అన్నం తిననంటే బతిమాలతాం, తినలేదంటే పెడతాం. ఆ మూడేళ్ల పిల్లకి తెలిసినదే రిఫ్యూజ్, డినై అనే రెండు మాటల వెనక ఉన్న గ్రామర్.

ఇదంతా పట్టుబడ్డాక, ఒకే క్రియ రెండింటినీ తీసుకుని అర్థం మార్చేచోట్లు ఇబ్బంది పెట్టవు. స్టాప్ సంగతి ఎలాగూ చూశాం. జరుగుతున్న పనిని ఆపితే ఇంగ్, ఇంకో పని చెయ్యడానికి ఆగితే టు. ఇది ఇంటర్వ్యూతో పోయే తేడా కాదు. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్‌లో ‘స్టాప్డ్ టు చెక్ ద ప్రెజర్’ అని రాస్తే, ఆగి ప్రెజర్ చూశాడని అర్థం. ‘స్టాప్డ్ చెకింగ్ ద ప్రెజర్’ అని రాస్తే, ప్రెజర్ చూడడం మానేశాడని. తరవాతి షిఫ్టువాడు మొదటిది చదివితే నిశ్చింతగా ఉంటాడు, రెండోది చదివితే ముందు గేజ్ దగ్గరికి పరిగెత్తాలి.

ట్రై ఇంకా బాగుంటుంది. దీనికి తెలుగులో దొరికిన జవాబు నాకు ఏ గ్రామర్ పుస్తకంలోనూ దొరకలేదు, క్లాసులో ఒక మెకానిక్ నోట దొరికింది. తుప్పుపట్టిన బోల్టు గురించి చెబుతున్నాడతను. ‘‘విప్పడానికి ట్రై చేశాను సార్, రాలేదు. కిరసనాయిలు పోసి చూశాను, వచ్చింది.’’ అంతే. ‘విప్పడానికి ప్రయత్నించాను’ అంటే ‘ఐ ట్రైడ్ టు లూజెన్ ఇట్’, పని కాలేదు, బాణం బాణంగానే ఉండిపోయింది. ‘పోసి చూశాను’ అంటే ‘ఐ ట్రైడ్ పోరింగ్ కిరోసిన్ ఆన్ ఇట్’. పొయ్యడమైతే జరిగిపోయింది, ఫలితమేమిటో చూడడమే మిగిలింది. తినిచూడు, అడిగిచూడు, ఆపి మళ్లీ వేసిచూడు — మన ‘చూడు’ వచ్చినచోటల్లా ట్రై తరవాత ఇంగ్ పెట్టెయ్యండి. కంప్యూటర్ బాగుచేసేవాళ్లు ఫోన్‌లో ‘ట్రై రీస్టార్టింగ్’ అనడం మీరు వినే ఉంటారు. ఆపి వేసి చూడమంటున్నారు.

తెలుగు మనల్ని పక్కదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. వాటిని దాచిపెట్టి అంతా సులువేనని చెబితే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ‘తాళం వెయ్యడం మర్చిపోయాను’ అంటాం. ‘డం’ ఉంది కదా అని ‘ఐ ఫర్గాట్ లాకింగ్’ అనేస్తారు మావాళ్లు. అలా అంటే, తాళం వేశాను గానీ వేసిన సంగతే మర్చిపోయాను అని అర్థం. ఇలాంటప్పుడు ‘డం’ని వెతకొద్దు, తాళాన్ని చూడండి. తాళం పడిందా లేదా? పడకపోతే ‘ఐ ఫర్గాట్ టు లాక్’. రిమెంబర్ కూడా అంతే. ‘వేసినట్టు గుర్తుంది’ అంటే లాకింగ్, ‘గుర్తుపెట్టుకుని వెయ్యి’ అంటే టు లాక్. ‘ఈత కొట్టడం నేర్చుకున్నాను’లోనూ డం ఉంది, ఇంగ్లిష్‌లో మాత్రం ‘లెర్న్డ్ టు స్విమ్’. ఇక మేనేజ్ ఉంది, ‘ఐ మేనేజ్డ్ టు గెట్ ఎ సీట్’. సీటు దొరికింది, పని అయింది, అయినా టు. దీనికి ఎదురు సజెస్ట్. పని ఇంకా జరగలేదు, అయినా ఇంగ్: ‘ఐ సజెస్ట్ టేకింగ్ ద బస్’. ఎవాయిడ్, కన్సిడర్, పోస్ట్‌పోన్, మైండ్ కూడా సజెస్ట్ జట్టే. ఈ గుప్పెడు మాటలకి సూత్రం వెతుకుతూ కూర్చోకండి. పిల్లల్ని పేరుపేరునా గుర్తుపెట్టుకున్నట్టు వీటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. లైక్, లవ్, స్టార్ట్, బిగిన్, కంటిన్యూ లాంటివాటితో ఏది పెట్టినా దాదాపు ఒకటే, వాటి గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

గాజువాకలో నేను ఎక్కువగా వినే తప్పు ఇంకోటి ఉంది. ‘ఐ కేమ్ ఫర్ జాయిన్’, ‘ఐ కేమ్ ఫర్ జాయినింగ్’. జాయిన్ అవ్వడం కోసం వచ్చాను అనే తెలుగులోంచి వచ్చిన ‘ఫర్’ అది. ‘కోసం’ తీసేసి ‘జాయిన్ అవ్వడానికి వచ్చాను’ అనుకోండి. ‘కి’ వచ్చింది కదా, టు పెట్టండి: ‘ఐ కేమ్ టు జాయిన్’. ‘కి’ కుదరనిచోట చాలాసార్లు టు కూడా ఉండదు. ‘నన్ను వెళ్లనివ్వండి’ అన్నప్పుడు ‘వెళ్లడానికి ఇవ్వండి’ అనం కదా. అందుకే ‘లెట్ మీ గో’, మధ్యలో టు లేదు. చెయ్యలేను, చెయ్యొచ్చు, చెయ్యాలి — వీటిలోనూ ‘చెయ్య’ ఒట్టిగానే ఉంటుంది, కెన్, మే, మస్ట్ తరవాత ‘డూ’ ఒట్టిగా ఉన్నట్టు. స్కూల్లో తెలుగు వ్యాకరణంలో తుమున్నర్థకం అని చదివి మర్చిపోయిన మాట గుర్తుందా? ఈ ఒట్టి ‘చెయ్య’ అదే. మేక్ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘దే మేడ్ మీ టు వెయిట్’ అని చాలామంది అంటారు. ‘మేడ్ మీ వెయిట్’ చాలు.

ఇంకొక్క చిక్కుముడి ఉంది, దాన్ని కాస్త నెమ్మదిగా విప్పాలి. ‘టు’ వచ్చినా వెనకాల ‘ఇంగ్’ వచ్చే సందర్భం. నైట్ షిఫ్టులు చేసే ఊళ్లో ఈ రెండు వాక్యాలూ అవసరమే. ‘నేను నైట్ షిఫ్టులు చేసేవాణ్ణి’: ఐ యూజ్డ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్. అంటే ఇప్పుడు చెయ్యడంలేదు. ‘నాకు నైట్ షిఫ్టులు చెయ్యడం అలవాటే’: ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్ షిఫ్ట్స్. అంటే ఎన్నైనా వెయ్యండి, చేస్తాను. మొదటిది చెప్పబోయి రెండోది, రెండోది చెప్పబోయి మొదటిది చెబితే ఉద్యోగమిచ్చేవాడికి మన గురించి పూర్తిగా తప్పు సంగతి చేరుతుంది. తేడా కనిపెట్టడానికి తెలుగులో ‘చేసేవాణ్ణి’, ‘అలవాటే’ అన్న రెండు మాటలు చాలు. అనుమానముంటే ఇంకో పరీక్ష. టు తరవాత ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. ‘ఐ యామ్ యూజ్డ్ టు దిస్ నాయిస్’ కుదురుతోంది, అంటే ఇక్కడి టు బస్సు మీద బోర్డులాంటి టు. దాని వెనకాల నామవాచకమే కావాలి, కాబట్టి క్రియ కూడా ఇంగ్ తగిలించుకుని నామవాచకమై రావాలి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అని ఉత్తరాల చివర రాసేదీ ఈ లెక్కే. ఇన్, ఆఫ్, ఫర్, బిఫోర్, వితౌట్ తరవాత కూడా ఇంగ్ రావడానికి కారణం ఇదే. ‘ఇంట్రెస్టెడ్ ఇన్ జాయినింగ్’, ‘బిఫోర్ ఎంటరింగ్’, ‘వితౌట్ వేరింగ్ ఎ హెల్మెట్’.

సాధన విషయానికొస్తే, నేను చెప్పేది ఒకటే. వంద రూపాయల లోపు దొరికే లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. తెరిస్తే రెండు పేజీలు పక్కపక్కన ఉంటాయి కదా, ఎడమది నిన్న, కుడిది రేపు. రాత్రి పడుకునే ముందు ఎడమవైపు జరిగినవి మూడు వాక్యాలు ఇంగ్‌తో, కుడివైపు జరగాల్సినవి మూడు వాక్యాలు టుతో. మీ సొంత రోజులోంచే రాయాలి, పుస్తకంలోంచి కాదు. ‘జాన్ ఎంజాయ్స్ ఫిషింగ్’ అని వందసార్లు రాసినా మీకు జానూ తెలీదు, ఆ చేపలూ తెలీవు. మన వెల్డర్ కుర్రాడి నోట్‌బుక్ నా దగ్గర కొన్నాళ్లుంది. ఎడమ పేజీ మీద ఇలా ఉండేది: ‘ఐ ఫినిష్డ్ వెల్డింగ్ ద బ్రాకెట్ ఎట్ సిక్స్. ఐ రిమెంబర్ స్విచింగ్ ఆఫ్ ద మెషీన్. ఐ ట్రైడ్ యూజింగ్ ఎ న్యూ ఎలక్ట్రోడ్.’ కుడి పేజీ మీద: ‘ఐ ప్లాన్ టు గ్రైండ్ ద జాయింట్ టుమారో. ఐ మస్ట్ రిమెంబర్ టు బ్రింగ్ మై గ్లాసెస్. అమ్మ వాంట్స్ మీ టు కమ్ హోమ్ అర్లీ.’ అమ్మ అన్న మాటని అతను మార్చలేదు, నేనూ దిద్దలేదు. మర్నాడు కుడి పేజీలోని పని జరిగిపోతే అదే వాక్యాన్ని ఎడమ పేజీలోకి మార్చి రాయాలి. టు ఊడిపోతుంది, ఇంగ్ వచ్చి చేరుతుంది: ‘ఐ ఫినిష్డ్ గ్రైండింగ్ ద జాయింట్.’ ఈ మార్చడంలోనే అసలు నేర్పంతా ఉంది. రాసిన ప్రతిదీ ఒకసారి పైకి చదవండి. ఇంట్లోవాళ్లు వింటారని సిగ్గుపడితే మేడ మీదికి వెళ్లి చదవండి. చెవిన పడని వాక్యం నోటికి రాదు.

మూడు నెలల తరవాత ఆ కుర్రాడు ఇంకో ఇంటర్వ్యూకి కూర్చున్నాడు. అదే ప్రశ్న వేశారు. ఈసారి ‘మై ఫాదర్ వాజ్ ఇల్, సో ఐ స్టాప్డ్ వర్కింగ్ టు లుక్ ఆఫ్టర్ హిమ్’ అన్నాడట. వర్కింగ్ ఆగిపోయిన పని. టు లుక్ ఆఫ్టర్, ఎందుకు ఆపాడో ఆ పని. రెండూ ఒకే వాక్యంలో వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. నాకు ఫోన్ చేసి ఈ వాక్యం చెప్పినప్పుడు ఉద్యోగం వచ్చిందా లేదా అని అడగడం కూడా మర్చిపోయాను.

ఇప్పుడు అదే బ్యాచ్‌లో స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన పెద్దాయన ఒకరు వస్తున్నారు. సర్వీసంతా గోదావరి అని పేరున్న మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గరే గడిచిందట. అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడాలని నేర్చుకుంటున్నారు, ఆ పిల్లకి తెలుగు అంతగా రాదు. మొదట్లో ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్క్ దేర్’ అనేవారు. ‘చేసేవాణ్ణి అనుకోండి, మాస్టారూ’ అన్నాను. ఒక్క క్షణం ఆగి, ‘ఐ యూజ్డ్ టు వర్క్ దేర్’ అన్నారు. ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాసుకున్నారు. దాని కింద, నేను చెప్పకుండానే, ఎడమ పేజీలో ఇంకోటి రాశారు: ‘ఐ మిస్ గోయింగ్ టు ద ఫర్నెస్.’